ఐవర్సన్ స్లీవ్ ఫార్వర్డ్ నమ్మి మోచేయి పాడుచేసుకోకండి

బాస్కెట్‌బాల్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మెసేజ్ తెగ తిరుగుతోంది. మోచేతి టెండనైటిస్‌కి (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు లాంటి టెండన్ నొప్పికి) రెస్ట్ అక్కర్లేదు, ఎక్సర్‌సైజులూ అక్కర్లేదు, ఆర్మ్ స్లీవ్ (చేతికి వేసుకునే బిగుతు గుడ్డ తొడుగు) తొడుక్కుని ఆడుతూ పోతే రక్తప్రసరణ పెరిగి టెండన్ దానంతటదే మానిపోతుంది, ఎంత బిగుతుగా ఉంటే అంత మంచిది, సాక్ష్యం కావాలంటే అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో ఆడిన అలెన్ ఐవర్సన్ని చూడండి. ఇదీ అందులో ఉన్నది. మా కోర్టులో ఇద్దరు కుర్రాళ్లు అది చదివి అప్పుడే స్లీవులు కొనేశారు.

ముందు ఐవర్సన్ సంగతి చూద్దాం. 2000-01 సీజన్‌లో ఫిలడెల్ఫియాకి ఆడుతూ కుడిచేతికి స్లీవ్ వేసుకున్నది నిజమే. 2001 జనవరి 21న టొరంటో మీద 51 పాయింట్లు కొట్టాడు, ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడు (ఎంవీపీ) కూడా అతనే. కాకపోతే అతనికి వచ్చింది టెండనైటిస్ కాదు, బర్సైటిస్. మోచేతి మొన మీద ఎముకకీ చర్మానికీ మధ్య చిన్న ద్రవపు సంచి ఉంటుంది, అది వాచింది. అలాంటి వాపుని పైనుంచి మెత్తగా నొక్కి ఉంచితే ఉపయోగమే. టెండన్ గోల వేరు. మోకాలు నొప్పి మాత్ర పంటినొప్పికి సాక్ష్యం చూపించినట్టుంది ఈ వ్యవహారం.

రక్తప్రసరణ మాట. స్లీవ్ వేస్తే చెయ్యి వెచ్చగా ఉంటుంది, పట్టి ఉంచినట్టుగా ఉండి నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తుంది కూడా, కాదనను, చలికాలం పొద్దున్నే నేనూ వేసుకుంటాను. కానీ నెలల తరబడి ఉన్న టెండన్ నొప్పిలో చాలాసార్లు వాపు పెద్దగా ఉండదు, ఓపికకి మించి పనిచేసి లోపలి పోగులే చెదిరిపోయి ఉంటాయి. షాట్ వదిలేటప్పుడు మోచేయి చాచి మణికట్టు విదిలిస్తాం కదా, ఆ లాగుడు పడేది అక్కడే. పైన గుడ్డ కట్టినంత మాత్రాన రోజుకి మూడొందల షాట్ల బరువు తగ్గుతుందా?

లాగుడు కొంచెం తగ్గించేది ఇంకోటి ఉంది, మోచేతికి రెండు వేళ్ల కింద ముంజేతికి కట్టే సన్నటి పట్టీ. దాన్నీ స్లీవునీ ఒకటే అనుకుంటున్నారు చాలామంది.

బిగుతు గురించి ఒక్క మాట చాలు: వేళ్లు తిమ్మిరెక్కినా, రంగు మారినా వెంటనే తీసెయ్యండి.

రెస్ట్ అక్కర్లేదన్నది మాత్రం సగం నిజం. పూర్తిగా మానేసి కూర్చుంటే టెండన్ ఇంకా బలహీనపడుతుంది, అయితే షాట్లు తగ్గించుకోవాలి, దాంతోపాటు దానికి మెల్లగా బరువు అలవాటు చెయ్యాలి. నాకు టీ గ్లాసు ఎత్తినా, తడి టవల్ పిండినా మోచేతి బయటివైపు కలుక్కుమనేది. అప్పుడు ఫిజియో చేయించింది ఇది: ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా మణికట్టు బల్ల అంచు దాటించాలి. ఆ చేత్తో అరలీటరు నీళ్ల సీసా పట్టుకుని, రెండో చేత్తో పైకెత్తి, నొప్పి ఉన్న చేత్తో మాత్రమే ఐదు లెక్కపెడుతూ దించాలి. పదిహేను సార్లు, మూడు విడతలు. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పెడితే పర్లేదు, మర్నాడు పొద్దున్నకి పెరిగిందంటే బరువు తగ్గించాలి. రెండు వారాలకి నాకేమీ తేడా తెలియలేదు, విసుగొచ్చింది. మూడో నెలలో గానీ టవల్ హాయిగా పిండలేదు.

ఇక మా కుర్రాళ్లలో ఒకడికి నొప్పి మోచేతి వెనక, ట్రైసెప్స్ (జబ్బ వెనక కండరం) అతుక్కునే చోట. ఈ సీసా ఎక్సర్‌సైజు మోచేతి బయటివైపు నొప్పికి, వాడికి అది కూడా పనికిరాదు. రెండోవాడికి చిటికెన వేలు తిమ్మిరిగా ఉంటోందట, అది నరం గొడవ కావచ్చు. స్లీవ్ పక్కన పెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లరా అని చెప్పాను, ఆదివారం మ్యాచ్ అయ్యాక వెళ్తాడట.