డిప్రెషన్ భ్రమ కాదు, బలహీనతా కాదు

"డిప్రెషన్ వట్టి భ్రమ. స్కాన్ తీస్తే మెదడులో ఏమీ కనబడదు. సెరొటోనిన్ కథ అబద్ధమని తేలిపోయింది. గట్టిగా అనుకుంటే అదే పోతుంది." ఫోన్లలో తెగ తిరుగుతున్న మెసేజ్ ఇది. పంపేవాళ్లు మంచి మనసుతోనే పంపుతుండవచ్చు. కానీ దీన్ని నమ్మి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకునేవాళ్లుంటారు. అందుకే ఈ జవాబు.

ముందు స్కాన్ సంగతి. ఒక మనిషి స్కాన్ చూసి డిప్రెషన్ ఉందో లేదో చెప్పలేరన్నది నిజమే. కానీ వేలమంది స్కాన్‌లను పోల్చి చూసినప్పుడు, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం డిప్రెషన్ ఉన్నవాళ్లలో సగటున కాస్త చిన్నదిగా కనిపించింది. జబ్బు పదేపదే తిరగబెట్టినవాళ్లలో ఇది మరీ స్పష్టం. అయినా మైగ్రేన్ కూడా మామూలు స్కాన్‌లో కనబడదు. ఆ తలనొప్పిని భ్రమ అంటామా?

మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్‌కు కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో ఒక పెద్ద సమీక్ష చెప్పింది. అంతవరకే. జబ్బే లేదని చెప్పలేదు, మందులు పనిచేస్తాయా లేదా అన్నది అసలు పరిశీలించనే లేదు. మెసేజ్ చూసి మాత్రలు ఒక్కసారిగా ఆపేయకండి, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం లాంటివి మొదలుకావచ్చు.

ఇక "గట్టిగా అనుకో" అనే మాట. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అనుకోవాల్సింది ఏ మెదడుతో? జ్వరం వస్తే "నాకు జ్వరం" అంటాం. డిప్రెషన్ వస్తే "నేను పనికిరాను" అంటాం. జబ్బు మన గొంతుతోనే మాట్లాడుతుంది కాబట్టి అది జబ్బని తోచదు. నా స్నేహితుణ్ణి ఒకసారి, నువ్వు సంతోషంగా ఉన్న ఒక్క రోజు చెప్పరా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి "చిన్నప్పుడు బాగుండేది" అన్నాడు. ఏ రోజు, ఎక్కడ, ఎవరితో? ఏదీ గుర్తు రాలేదు. జ్ఞాపకాలు ఇలా అలుక్కుపోవడం డిప్రెషన్‌లో బాగా తెలిసిన లక్షణం. తను ఎప్పుడూ ఇంతేనని వాడు నమ్మాడంటే అందుకే.

మనసుతో మెదడు మారదని నేననడం లేదు. ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు వెంటాడే జబ్బు) ఉన్నవాళ్లపై 1992లో వచ్చిన ఒక పరిశోధనలో, మందుతో తగ్గినవాళ్లలోనూ ప్రవర్తనను మార్చుకునే బిహేవియర్ థెరపీతో తగ్గినవాళ్లలోనూ మెదడులోని ఒకే భాగంలో చురుకుదనం తగ్గింది. కానీ అది పక్కన ఒకరుండి వారాల తరబడి చేయించిన సాధన.

ఆ స్నేహితుడికి అపాయింట్‌మెంట్ నేనే తీసుకున్నాను. ఆ రోజు ఫోన్ చేసి మాట్లాడే ఓపిక కూడా వాడికి లేదు.