నాలుగో గేరుతో సరిపెట్టేసిన గేర్‌బాక్స్ గారికి

మహారాజశ్రీ ఎస్‌ఎం 465 గేర్‌బాక్స్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు ప్రస్తుతం బెంచీ కింద పాత గోనె మీద పడుకుని ఉన్నారు కాబట్టి మీ క్షేమం నాకు కనిపిస్తూనే ఉంది. నా క్షేమం నడుము నొప్పితో కూడుకున్నది. బండి కింద దూరి మిమ్మల్ని దించింది నేనే కదా.

1968 నుంచి 1991 దాకా పికప్ ట్రక్కుల కింద కొలువు చేసిన వంశం మీది. పోత ఇనుము ఒళ్లు. మొదటి గేరు 6.55, అంటే ఇంజిన్ అన్ని చుట్లు తిరిగితే బయటికొచ్చే షాఫ్టు ఒక్క చుట్టు. దాంతో గోడనైనా లాగొచ్చు, కానీ ఖాళీ బండిని దాంతో ఎవరూ కదిలించరు, రెండో గేరులోనే ఎత్తుకుంటారు. అంటే పేరుకు నాలుగు, పనికి మూడు. ఆఖరి గేరు సరిగ్గా 1. ఇంజిన్ కంటే షాఫ్టును వేగంగా తిప్పే ఓవర్‌డ్రైవ్ అనే మాట మీ చెవిన పడనేలేదు. ఇరుసులో 4.10 క్రౌన్ పినియన్ అనే పళ్ల చక్రాల జత, 31 అంగుళాల టైర్లతో గంటకు 100 కిలోమీటర్లు పోతే ఇంజిన్ నిమిషానికి 2,760 చుట్లు తిరిగేది. పక్క సీట్లోవాళ్లు ఏమంటున్నారో వినపడేది కాదు. అది కూడా మీరు చేసిన మేలేనని ఇప్పుడు తెలుస్తోంది.

తప్పు మీది కాదు, టైర్లది. చూడ్డానికి బాగుంటాయని 35 అంగుళాలవి వేశాను. హైవే మీద చుట్లు 2,450కి దిగాయి. అక్కడితో ఊరుకోవచ్చు. కానీ టైరు పెరిగేసరికి 4.10 కాస్తా 3.63లా పనిచేయడం మొదలుపెట్టింది. చిన్న ఎత్తు వస్తే మూడో గేరు, పెద్ద ఎత్తు వస్తే క్లచ్ కాలిన వాసన.

గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని తెచ్చుకున్న సన్యాసి కథ మీకు తెలిసే ఉంటుంది. టైర్ల కోసం 4.56 క్రౌన్ పినియన్ తెచ్చాను. వెనక ఇరుసులో తేడా ఎంతో తెలుసా? క్రౌన్‌కు అప్పుడూ 41 పళ్లే, ఇప్పుడూ 41 పళ్లే. పినియన్‌కు పదికి బదులు తొమ్మిది. ఒక్క పన్ను తక్కువ! పన్ను పీకించుకోవడానికి కూడా ఇంత ఖర్చవదు.

వెనకది మారిస్తే ముందుదీ మార్చాలి. ఫోర్ వీల్ వేసినప్పుడు, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ రెండు షాఫ్టుల్నీ కట్టిపడేస్తుంది. ముందొక లెక్క, వెనకొక లెక్క అయితే రెండూ కొట్టుకుని ఏదో ఒకటి విరుగుతుంది. అంచేత అన్నీ రెండేసి. ముందున్న డానా 44 ఇరుసు పెద్దమనిషి. 3.92 నుంచి పైకి క్రౌన్‌ను మోసే క్యారియర్ ఒకటే కాబట్టి పాతదే సరిపోయింది. వెనకున్న 14 బోల్టుల ఇరుసు అలా కాదు. దాని పాత క్యారియర్ 4.10 దాకానే, 4.56కి వేరేది కావాలట. కొన్నాను.

ఇక షిమ్‌లనే పల్చటి రేకు బిళ్లల భాగోతం. పళ్ల మధ్య ప్లే అంగుళంలో వెయ్యో వంతులు ఆరు నుంచి పది దాకా ఉండాలి. పళ్లకు పసుపు రంగు పూసి తిప్పడం, పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో అచ్చు చూడటం, బేరింగు పీకి షిమ్ మార్చడం, మళ్లీ పూయడం. మూడు రోజులు నా చేతులు పసుపు కొట్టినట్టే ఉన్నాయి, ఇంట్లో ఏ శుభకార్యమూ లేకుండా.

4.56తో హైవే మీద చుట్లు మళ్లీ పెరిగాయి, అంచేత మీ స్థానంలో ఎన్‌వి 4500 అనే గేర్‌బాక్స్ వచ్చింది. ఐదు గేర్లు, ఐదోది 0.73. పాత ట్రాన్స్‌ఫర్ కేస్‌తో కలవాలంటే నడుమ అడాప్టర్ కావాలి, గేర్‌బాక్స్‌ను కింద మోసే క్రాస్ మెంబర్ జరగాలి, రెండు షాఫ్టులూ కొలిచి మళ్లీ చేయించాలి. ఆయిలు కూడా ఏది పడితే అది తాగదు. ఇరుసులో పోసే జీఎల్ 5 పోస్తే, గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రోల మీదికి వస్తుంది.

ఇప్పుడు 100లో పోతే 1,990 చుట్లు. నిజంగానే సుఖంగా ఉంది, దాచను. అయితే నిన్న రాత్రి కాగితం తీసుకుని, రాళ్ల మీద నెమ్మదిగా పాకడానికి వాడే లో రేంజ్ లెక్క వేశాను. అంకె ఎంత పెద్దదైతే పాకుడు అంత నెమ్మది. మీ కాలంలో 6.55ని ట్రాన్స్‌ఫర్ కేస్ 1.96తో, ఇరుసు 4.10తో హెచ్చవేస్తే 52.6. ఇప్పుడు కొత్త మొదటి గేరు 5.61ని 1.96తో, 4.56తో హెచ్చవేస్తే 50.1. పైగా టైరు పెద్దది. ఇన్ని డబ్బులు పోసి రాళ్ల మీద బండిని ఇంకాస్త తొందరపడేలా చేశానన్నమాట. లెక్క తప్పిందేమోనని రెండోసారి వేశాను. తప్పలేదు. మీరు నవ్వుకున్నా నాకు వినపడదులెండి.

ఒక్క స్పీడోమీటరే విశ్వాసంగా ఉంది. టైరు ఒకవైపు లాగితే ఇరుసు రెండోవైపు లాగి, ముల్లు దాదాపు పాత నిజమే చెబుతోంది. దాన్ని మార్చాల్సిన పని లేకుండా పోయింది.

80 దాటాక వెనకనుంచి సన్నగా ఈల వినిపిస్తోంది. మీ హోరులో ఇలాంటివి తెలిసేవి కావు. వచ్చే ఆదివారం కవరు విప్పి మళ్లీ పసుపు పూస్తాను. మిమ్మల్ని అమ్మేస్తానని మొన్న ఎవరితోనో అంటుంటే విని ఉంటారు. బేరానికి వచ్చినాయనకు మొదటి గేరు అరిగిందని చెప్పి పంపేశాను.

ఇట్లు,
మీ పాత క్లచ్ పెడల్ తొక్కినవాడు