చిలుకను అమ్మిన సర్ మైఖేల్

బ్రిటన్ 2019 నూతన సంవత్సర పురస్కారాల జాబితాలో మైఖేల్ పేలిన్‌కు సర్ బిరుదు ప్రకటిస్తూ, యాత్రలకు, సంస్కృతికి, భూగోళ శాస్త్రానికి ఆయన చేసిన సేవలకు గుర్తింపుగా ఇస్తున్నామన్నారు. హాస్యం ఊసే లేదు. నటుడు, రచయిత, టెలివిజన్ యాత్రికుడు, 2009 నుంచి మూడేళ్ళ పాటు రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అధ్యక్షుడు అనే వరుస చూసి, ఈయన ఏ ఎండకా గొడుగు పట్టారని అనుకునేవారు ఉండవచ్చు గాని, ఎండలు మారినా పేలిన్ పట్టుకున్నది ఒకే గొడుగని, అది హాస్యమేనని నా అభిప్రాయం.

1943లో షెఫీల్డ్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివిన ఆయన పేరు జనానికి తెలిసింది 1969లో బీబీసీ మొదలుపెట్టిన మాంటీ పైథాన్ అనే హాస్య కార్యక్రమంతో. అందులో చచ్చిన చిలుక స్కెచ్‌ను, అంటే ఆ చిన్న హాస్య నాటికను, ఇక్కడ బ్రిటన్‌లో కొంతకాలం ఉన్న మనవాళ్ళు కూడా ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. కొనుక్కెళ్ళిన చిలుక చచ్చిందని కొనుగోలుదారుడైన జాన్ క్లీజ్ దాన్ని బల్లకేసి కొట్టి చూపిస్తున్నా, దుకాణదారుడైన పేలిన్ మాత్రం అది విశ్రాంతి తీసుకుంటోందని ముఖంలో రేఖ కదలకుండా చెబుతూనే ఉంటాడు. స్కెచ్ రాసింది క్లీజ్, గ్రాహం చాప్‌మన్‌లే అయినా, ఆ ధోరణి మాత్రం, కారులో ఏ లోపం చూపించినా ఏదో ఒక సాకు చెప్పి పంపేసే ఒక మెకానిక్ గురించి పేలిన్ చెప్పిన కబుర్ల నుంచి పుట్టింది. ఎదుటి మనిషి మాట తీరును అంత ఓపికగా విని గుర్తుంచుకోవడమే ఆయన అసలు విద్య.

ఆ విద్యే 1988లో బీబీసీ టెలివిజన్ కార్యక్రమం కోసం చేసిన ఎనభై రోజుల ప్రపంచ యాత్రకు పెట్టుబడి అయింది. బీబీసీ మొదట వేరేవాళ్ళను అడిగి, వారు కాదన్న తరువాతే ఈయన దగ్గరకు వచ్చింది. విమానం ఎక్కకూడదన్న నియమం వల్ల దుబాయి నుంచి బొంబాయికి గుజరాతీ నావికుల చెక్క ఓడలో దాదాపు వారం ప్రయాణించవలసి వచ్చింది. వేళకు చేరతామో లేదోనన్న ఆత్రం మీద నడిచే కార్యక్రమం ఆ డెక్కు మీద హఠాత్తుగా నెమ్మదిస్తుంది. తన వాక్‌మన్‌ను ఒక పెద్దాయన చెవులకు తగిలించి, అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాట వింటున్న ఆ ముఖాన్ని ఈయన చూస్తూ కూర్చుంటారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. నవ్వించే అవకాశం వచ్చినప్పుడల్లా పేలిన్ తననే నవ్వులపాలు చేసుకుంటారు తప్ప ఆ నావికులను కాదు. ఆ తరువాత బొంబాయి నుంచి మద్రాసుకు రైలెక్కారు. గుంతకల్లు, కడపల మీదుగా సాగే ఆ లైనులో ఎన్నో రాత్రులు గడిపిన నాకు ఆ భాగం మరీ తొందరగా ముగిసిందనిపిస్తుంది. అది నా స్వార్థం.

ఎవరిని చూసి నవ్వాలన్న ప్రశ్న ఆయనను గట్టిగా పట్టుకున్నది మాత్రం అదే ఏడాది వచ్చిన ‘ఎ ఫిష్ కాల్డ్ వాండా’ సినిమాతో. అందులో పేలిన్ నత్తితో మాట్లాడే కెన్. కెవిన్ క్లైన్ పాత్ర అతని నత్తిని వెక్కిరిస్తూ, ముక్కులో చిప్స్ దూర్చి హింసిస్తుంది. ఆ నటనకు పేలిన్‌కు బ్రిటిష్ సినీ పురస్కారమైన బాఫ్టా వచ్చింది. నత్తి ఉన్నవారిలో కొందరి నుంచి నిరసనా వచ్చింది. సినిమా కెన్ పక్షానే ఉందని నేను వాదించగలను గాని, బడిలో వెక్కిరింపులు పడే పిల్లవాడికి ఆ వాదన ఏ మాత్రం ఊరట కాదని కూడా ఒప్పుకోవాలి.

పేలిన్ ఆ పాత్రను గాలిలోంచి తీసుకోలేదు. ఆయన తండ్రికి జీవితాంతం నత్తి ఉండేది. ఇంట్లో దాని గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. నత్తి ఉన్న పిల్లల చికిత్స కోసం 1993లో లండన్‌లో ఒక కేంద్రం మొదలైనప్పుడు దానికి తన పేరు పెట్టడానికి ఆయన అంగీకరించారు. నాటకాలు, పిల్లల పుస్తకాలు, నవల, దశాబ్దాల డైరీలు, ఎరెబస్ ఓడ చరిత్ర వంటి రచనలు ఆయనకు ఎన్ని ఉన్నా, నేను మొదట చెప్పేది ఆ కేంద్రం గురించే. మాట తడబడే పిల్లలు అక్కడి తలుపు తీసుకుని లోపలికి వెళ్ళేటప్పుడు బోర్డు మీద చదివేది, సినిమాలో నత్తి పాత్ర వేసి జనాన్ని నవ్వించిన మనిషి పేరే.