మార్టులో మర్యాద, కొట్లో మొరటుతనం: పర్లాకిమిడి గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజీకి జవాబు

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దునున్న మా పర్లాకిమిడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. రాసినవాడెవడో తెలీదు. అడుగున "పదిమందికీ పంపండి" అని మాత్రం ఉంది. అందులో ఉన్నది ఇంతే: పెద్ద మార్టుల్లో వస్తువు వెనక్కి తీసుకుంటారు, చిన్న కొట్లో తీసుకోరు. మార్టులో ఒకటే ధర, మోసం ఉండదు. కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే వినే దిక్కుంది, షావుకారి మీద ఎవరికి చెప్పుకుంటాం? మార్టులో అందరికీ సమాన మర్యాద. పెద్ద కంపెనీ రేపూ ఉంటుంది, సరుకు ఇంటికీ తెచ్చిస్తుంది. అందుచేత చిన్న కొట్లు మూతపడుతున్నాయంటే అది వాళ్ల బద్ధకం, వాళ్ల పొగరు.

ఇందులో ఒక మాట నిజం. ఒకటి సగం నిజం. తక్కినవి నిలబడవు. వరసగా చూద్దాం.

మొదటిది వాపసు సంగతి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాల్ని మెసేజీ ఒకే గాటన కట్టేసింది. రంగు నచ్చలేదనో సైజు సరిపోలేదనో చీరో చొక్కానో మార్చి ఇవ్వడం కంపెనీ తనంతట తాను పెట్టుకున్న పద్ధతి. రేపు తీసేస్తానంటే అడ్డం చెప్పేవాళ్లు లేరు. బిల్లు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఆఫర్ సరుకు మార్చం, లోదుస్తులు మార్చం అని మినహాయింపులు కూడా ఉంటాయి. చట్టం మనకి ఇచ్చిన హక్కు వేరు. అది లోపమున్న వస్తువు గురించి. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువు లోపల, రాసి లేకపోతే 30 రోజుల లోపల అడగొచ్చు. ఈ మాట మార్టుకీ వర్తిస్తుంది, మన వీధి చివరి కొట్టుకీ వర్తిస్తుంది. షావుకారు వెనకాల లక్ష్మీదేవి పటం పక్కన వేలాడే "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డుకి చెడిపోయిన సరుకు విషయంలో విలువేమీ లేదు. మార్టు బిల్లు మీద అచ్చేసిన అలాంటి వాక్యానికీ అంతే.

చట్టం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు, తేడా అంతా మన ఎదురుగా నిలబడ్డ మనిషి దగ్గర ఉంటుంది. మా ఇంట్లో మిక్సీ బరంపురంలో ఒక పెద్ద షోరూంలో కొన్నది. పప్పు రుబ్బుతుంటే మాడు వాసన రావడం మొదలైంది. మోసుకుని వెళితే అక్కడి కుర్రాడు ఎంతో మర్యాదగా "మా చేతిలో ఏటీ లేదు సార్, కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యండి" అన్నాడు. మేనేజరూ అదే మాట, ఇంకొంచెం మంచి ఇంగ్లీషులో. ఫోన్ చేస్తే మాది ఒడిశా నంబరు కాబట్టి హిందీ, ఇంగ్లీషు, ఒడియా వినిపించాయి గానీ తెలుగు లేదు. చివరికి ఒకమ్మాయి దొరికి, మా పిన్‌కోడ్‌కి మెకానిక్ ఎప్పుడొస్తాడో సిస్టంలో కనిపించడం లేదంది. ఆ పిల్లదీ తప్పు కాదు, షోరూం కుర్రాడిదీ తప్పు కాదు. తిట్టినా బతిమాలినా వాళ్ల దగ్గర నొక్కడానికి ఆ బటనే లేదు. జీతానికి పనిచేసేవాడి చేతికి నమస్కారం పెట్టే పని ఇచ్చారు, నిర్ణయం తీసుకునే పని ఇవ్వలేదు. ఆ నిర్ణయం ఏ ఊళ్లోనో ఏ కంప్యూటర్లోనో ముందే జరిగిపోయి ఉంటుంది.

చిన్న కొట్లో సంగతి దీనికి తలకిందులుగా ఉంటుంది. కుక్కర్ గాస్కెట్ రెండో వారానికే చిట్లిందని తీసుకెళితే మా షావుకారు ముందు విసుక్కున్నాడు. "మంట పెద్దదెట్టీసుంటారు" అన్నాడు. మర్యాదకి మార్కులేస్తే సున్నా. విసుక్కుంటూనే కొత్తది తీసి బల్ల మీద పడేశాడు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆ నష్టం వస్తుందో రాదో అతని తలనొప్పి. గల్లా పెట్టె దగ్గర కూర్చున్నవాడే యజమాని కాబట్టి "పైవాళ్లని అడగాలి" అని తప్పించుకునే దారి అతనికి లేదు.

రెండోది, ఒకటే ధర, మోసం లేదన్నది. ప్యాకెట్ మీద అచ్చేసే ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని. దానికే అమ్మాలని కాదు. మార్టు తగ్గించి ఇస్తోందంటే కంపెనీ దగ్గర లారీల లెక్కన నేరుగా కొంటోంది. కొట్టువాడు డిస్ట్రిబ్యూటర్ దగ్గర అట్టపెట్టెల లెక్కన కొంటున్నాడు. ఆ తేడా కొనుగోలులో వచ్చింది. దాన్ని నిజాయితీ ఖాతాలో వెయ్యడమెందుకు? ఇక పెద్దవాళ్లు మోసం చెయ్యరనేవాళ్లు సంచీ కథ వినాలి. 2019లో చండీగఢ్ వినియోగదారుల ఫోరం బాటా వాళ్లకి 9,000 రూపాయలు వడ్డించింది. ఎందుకంటే బూట్లు కొన్నవాడి దగ్గర కాగితం సంచీకి 3 రూపాయలు వసూలు చేసినందుకు. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ బిగ్ బజార్ విషయంలోనూ, ముందు చెప్పకుండా కౌంటర్ దగ్గర సంచీకి డబ్బులడగడం ఆపమని ఆదేశించింది. మన కొట్లలో పాత పేపరు పొట్లానికి డబ్బులడిగినవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు. ఫోన్ నంబరు చెబితేగానీ బిల్లు కొట్టం అనే అలవాటు కూడా మార్టులు తెచ్చిందే. నంబరు ఇవ్వమని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023లో వాళ్లకి చెప్పాల్సి వచ్చింది.

ఈ రెండో మాటలో సగం నిజం తూకం దగ్గర ఉంది. విడి సరుకు తూచే చోట చిన్న కొట్లని నేను వెనకేసుకురాను. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికల కొలతల శాఖ ముద్ర పడాలి. చాలా కొట్లలో ఆ ముద్ర ఎక్కడుందని అడిగితే మనవైపు వింతగా చూస్తారు. అడగండి. చూడనివ్వండి.

మూడోది ఫిర్యాదు. "షావుకారి మీద ఎవరికి చెప్పుకుంటాం" అన్నది శుద్ధ తప్పు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే కొట్టు గురించైనా మార్టు గురించైనా వింటారు. అక్కడ తెలుగు ఉంది, ఒడియా ఉంది. షోరూం వాళ్ల కస్టమర్ కేర్‌లో దొరకని తెలుగు సర్కారు నంబరులో దొరకడం మన సరిహద్దువాళ్లకి చిన్న విషయం కాదు. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. పాత చట్టంలోలాగ అమ్మినవాడి ఊరికి పరుగెత్తక్కర్లేదు, మనం ఉన్న చోటే కేసు వెయ్యొచ్చు. కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వెయ్యాలి, అంతే. అంటే బరంపురంలో కొన్న మిక్సీకి మా గజపతి జిల్లాలోనే పోరాడొచ్చు, శ్రీకాకుళంలో కొన్నదానికైనా అంతే.

అయితే చిన్న కొట్టు అసలు బలహీనత ఇక్కడే ఉంది, మెసేజీ దాన్ని పట్టుకోలేకపోయింది. బిల్లు. 200 రూపాయల లోపు సరుకుకి మనం అడక్కపోతే బిల్లివ్వకపోయినా జీఎస్టీ నియమాలు ఊరుకుంటాయి. ఆ పైన రిజిస్ట్రేషన్ ఉన్న ప్రతివాడూ ఇవ్వాల్సిందే. మన షావుకార్లు సిగరెట్ అట్ట చింపి దాని మీద లెక్క కూడి చూపించి ఆ అట్టని కూడా చెత్తలో వేసేస్తారు. రేపు కమిషన్ ముందు ఏం పెడతాం? ఫోన్లో యూపీఐ చెల్లింపు చూపిస్తే డబ్బు ఎవరికెళ్లిందో తెలుస్తుంది. ఏ సరుక్కి వెళ్లిందో తెలీదు. దానికి తోడు అరువు. అరువిచ్చే షావుకారిని అందరం మెచ్చుకుంటాం. కానీ ఖాతాలో బాకీ ఉన్నవాడు పురుగు పట్టిన కందిపప్పు వచ్చినా నోరెత్తడు. మా వీధిలో బియ్యం మార్చమని గట్టిగా అడిగినవాళ్లందరూ రొక్కం బేరగాళ్లే.

నాలుగోది మర్యాద. మెసేజీలో నిజమైన మాట ఇదే. అయితే రాసినవాడు అనుకున్న కారణానికి కాదు. తలుపు దగ్గర నమస్కారం, "హ్యాపీ షాపింగ్" అనే మాట నాకు మర్యాద అనిపించవు. అదే తలుపు దగ్గర మన చేతిసంచీ లాక్కుని టోకెన్ ఇస్తారు, బయటికొచ్చేటప్పుడు బిల్లుకి బెజ్జం కొట్టి పంపిస్తారు. నేను చెప్పేది వరస గురించి. సంతరోజున కొండమీంచి దిగివచ్చే సవర గిరిజన ఆడవాళ్లని మా బజారులో గమనించండి. ముందొచ్చి నిలబడ్డది వాళ్లే అయినా, వెనక వచ్చిన మాస్టారికో, బ్యాంకు బాబుకో, నాకో ముందు సరుకు కడతారు. "ఉండవే, ఇస్తాను" అంటారు ఆ మనిషితో. నాతో "రండి బాబూ". ధర అడిగితే రెండోసారి చెప్పరు. తూకం చూడ్డానికి వంగితే కసురుతారు. మార్టులో ఆమె ట్రాలీ నా ట్రాలీ ముందుంటే ఆమె బిల్లే ముందు కొడతారు, ధర చీటీ మీద రాసి ఉంటుంది, ఎవర్నీ అడిగి మాట పడనక్కర్లేదు. "మా షావుకారు మనవాడు, బంగారంలాంటి మనిషి" అనే మనలాంటివాళ్లు, అతను మనకి మాత్రమే మనవాడేమో ఒకసారి చూసుకోవాలి. నా గాస్కెట్‌ని విసుక్కుంటూనైనా మార్చిన షావుకారు సంతకొచ్చిన మనిషికి మారుస్తాడని నేను పందెం కాయలేను.

ఐదోది, పెద్ద కంపెనీ ఎక్కడికీ పోదన్న ధీమా. సుభిక్ష అనే సరుకుల మార్టు గుర్తుందా? 1997లో చెన్నైలో మొదలై దేశమంతా పదహారు వందల దుకాణాల దాకా పెరిగి, 2009కల్లా షట్టర్లు దించేసింది. 2001లో వచ్చిన బిగ్ బజార్ ఇంటింటి పేరయింది. 2022లో అద్దెలు కట్టలేక దుకాణాలు రిలయన్స్ చేతికి పోయాయి, మాతృ కంపెనీ దివాలా విచారణకెళ్లింది. ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

మిగిలింది ఇంటికి తెచ్చివ్వడం. చిన్న కొట్లవాళ్లు బద్ధకస్తులు, ఊరు దాటి సరుకు పంపరు అని మెసేజీ ఆఖర్న ఉంది. మన ఊరి సంగతి తెలీనివాడు రాసిన మాట ఇది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పక్కనున్న పాతపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయి ఇప్పుడు ఆంధ్రలో ఉంది. ఆటో ఎక్కి దిగేంత దూరం, కాని జీఎస్టీకి అది వేరే రాష్ట్రం. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలున్న చిన్న వ్యాపారులు చాలామంది జీఎస్టీలో కాంపొజిషన్ అనే పథకంలో ఉంటారు. అమ్మకాల మీద ఒక శాతం పన్ను కట్టి, లెక్కల బాధ తగ్గించుకుంటారు. ఆ పథకంలో ఉన్నవాడు సరుకు బయటి రాష్ట్రానికి అమ్మి పంపకూడదు. రిజిస్ట్రేషనే లేని బుల్లి కొట్టువాడైతే, పన్ను పడే సరుకు ఒక్క పెట్టె హద్దు దాటించాలన్నా ముందు రిజిస్టర్ చేసుకోవాలి. పెద్ద మార్టుకి రెండు రాష్ట్రాల్లోనూ జీఎస్టీ నంబర్లుంటాయి, ఆడిటర్లుంటారు, దానికి హద్దు కనపడదు. పాతపట్నం నుంచి ఎవరైనా మా బజారుకొచ్చి కొని సంచీలో వేసుకుపోతే ఏ తప్పూ లేదు. అదే మనిషి ఫోన్ చేసి "రెండు డబ్బాల నూనె పంపించు నాయినా" అంటే మాత్రం షావుకారు "కుదర్దమ్మా" అంటాడు. ఎందుకు కుదరదో ఫోన్లో విప్పి చెప్పే ఓపిక అతనికి ఉండదు, అక్కడ కూడా విసుక్కుంటాడు.