"స్టేబుల్" అంటే ఎలా ఉన్నట్టు? పక్షవాతంపై తిరుగుతున్న ఒక వాదనకు జవాబు

పక్షవాతం (స్ట్రోక్) గురించి ఫ్యామిలీ గ్రూపుల్లో తరచూ ఫార్వర్డ్ అయ్యే మాట ఇది: "ఆసుపత్రి పని ప్రాణం నిలబెట్టడం వరకే. చెయ్యి లేస్తుందా, మాట వస్తుందా అన్నది రోగి పట్టుదల, దేవుడి దయ. టైముకు తీసుకురాకుండా ఆసుపత్రిని నిలదీయడం అన్యాయం." ఈ మాట చుట్టూ నాలుగు వాదనలు వినిపిస్తుంటాయి. విడదీసి చూద్దాం.

"ఏ ఇద్దరి స్ట్రోకూ ఒకలా ఉండదు, ఫలితాన్ని కొలవలేం"

కొలబద్ద ఎప్పుడో ఉంది. గ్లాస్గో వైద్యుడు జాన్ రాంకిన్ 1957లో వేసిన మెట్లను తర్వాత సవరించారు. దాని ప్రకారం 0 అంటే ఏ లక్షణమూ లేదు. 2 అంటే పాత పనులన్నీ చేయలేకపోయినా తన పనులు తనే చూసుకోగలరు. 3 అంటే సాయం కావాలి గానీ మనిషి పట్టుకోకుండా నడవగలరు. 4 అంటే పట్టుకుంటే తప్ప నడవలేరు. 5 మంచం, 6 మరణం. స్ట్రోక్ మందుల పరీక్షల్లో ఎక్కువగా చూసేది 90వ రోజున ఈ అంకెనే. దానికి స్కాన్లు అక్కర్లేదు, శిక్షణ ఉన్న నర్సు ఫోన్లో అడిగి తేల్చగలదు. మన డిశ్చార్జ్ సమ్మరీల్లో మాత్రం చాలాసార్లు కనిపించేది "కండిషన్: స్టేబుల్" అన్న ఒక్క ముక్క. బీపీ, నాడి నిలకడగా ఉన్నాయని దానర్థం. బాత్రూముకు తనే వెళ్లగలరా అన్నది అందులో ఉండదు.

"ఆలస్యం చేసింది ఇంటివాళ్లు"

మెదడు రక్తనాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. పసరు మందు కోసం తిరిగిన సమయాన్ని ఆసుపత్రి లెక్కలో వేయకూడదు, నిజమే. గేటు దాటాక పోయే సమయం మాత్రం ఆసుపత్రిదే. స్ట్రెచర్ క్యాజువాలిటీలో ఆగుతుంది. కొడుకు అడ్వాన్స్ కట్టడానికి కౌంటర్ దగ్గర నిలబడతాడు. సీటీ స్కాన్ అయ్యాక మళ్లీ క్యాజువాలిటీకే తెచ్చి న్యూరాలజిస్టుకు ఫోన్ చేస్తారు. ల్యాబ్ రిపోర్టులు రావాలంటారు. రోగి రక్తం పలచబరిచే మందులు వాడుతున్నట్టో, రక్తస్రావ జబ్బు ఉన్నట్టో అనుమానం లేకపోతే, ఇంజెక్షన్‌కు ముందు తప్పనిసరిగా చూడాల్సిన రక్తపరీక్ష షుగర్ ఒక్కటే. వేలి కొసన చుక్క తీస్తే నిమిషంలో తేలిపోతుంది. ఆఖరికి చీటీ చేతికిచ్చి మందు ఫార్మసీలో కొనుక్కు రమ్మంటారు. ఈ వరుసలో రోగి చేసిన ఆలస్యం ఎక్కడుంది?

హెల్సింకి యూనివర్సిటీ ఆసుపత్రిలో రోగి తలుపు దాటినప్పటి నుంచి సూది పడే దాకా 1998లో 105 నిమిషాలు పట్టేది. 2011కల్లా అది 20కి దిగింది. అంబులెన్స్ దారిలో ఉండగానే కబురు అందుకుని పాత రికార్డులు తీసి ఉంచేవారు. వచ్చిన రోగిని అంబులెన్స్ స్ట్రెచర్ మీదే సీటీ గదికి తీసుకెళ్లి, మందు అక్కడే ఇచ్చేవారు.

సరే, గడువు దాటే వచ్చారనుకుందాం. అయినా ఆసుపత్రి చేతిలో చాలా ఉంది. ఆస్ట్రేలియాలోని 19 స్ట్రోక్ యూనిట్లలో జరిగిన పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. మొదటి మూడు రోజులు నర్సులు మూడు విషయాలు కచ్చితంగా చూడాలన్నదే పద్ధతి: జ్వరం, షుగర్, మింగగలగడం. 90 రోజులకు చనిపోయినవాళ్లు, ఒకరిపై ఆధారపడినవాళ్లు కలిపి మామూలు పద్ధతిలో 58 శాతం ఉంటే, ఈ పద్ధతిలో 42 శాతం. కొత్త మందేమీ లేదు. ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ తాకితే పారాసిటమాల్, షుగర్ పెరిగితే ఇన్సులిన్, అంతే.

మింగే పరీక్షను తేలిగ్గా తీసుకుంటారు గానీ కొంప మునిగేది అక్కడే. రోగిని నిటారుగా కూర్చోబెట్టి ముందు చెంచాడు నీళ్లు పట్టాలి. అది సరిగ్గా దిగితే 90 మిల్లీలీటర్లు ఆపకుండా తాగించాలి. పొలమారినా, గొంతు తడిసినట్టు గురగురలాడినా నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదు, బీపీ మాత్ర కూడా. ఈ పరీక్ష కాకముందే వార్డులో ఎవరో ప్రేమగా టీ పట్టిస్తారు. కొందరిలో దగ్గు కూడా రాకుండా అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. రెండు మూడు రోజుల్లో జ్వరం, న్యుమోనియా. ఇంటివాళ్లకు చెప్పే మాట "ఇన్‌ఫెక్షన్ వచ్చిందండీ".

"పట్టుదల ఉంటే ఇంట్లోనే కోలుకోవచ్చు"

ఈ మాటను మన దేశంలోనే పరీక్షించి చూశారు. 14 ఆసుపత్రులు, 1,250 మంది రోగులు. ఒక బృందంలో మామూలు వైద్యానికి తోడు కుటుంబసభ్యులకు వ్యాయామాలు చేయించడం నేర్పారు. 2017లో వెలువడిన ఫలితం: ఆరు నెలలకు మరణం లేదా ఆధారపడటం రెండు బృందాల్లోనూ 47 శాతం. ఇంటివాళ్ల శ్రమ వృథా అని కాదు. ఆసుపత్రి తన బాధ్యతను వాళ్ల నెత్తిన పెట్టి పక్కకు తప్పుకోవడానికి ఆధారం లేదని. ఉత్సాహం ఎక్కువైనా చేటే. 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువసేపు, ఎక్కువసార్లు లేపి నడిపించిన పద్ధతి మంచి ఫలితాలను తగ్గించిందని 2015 నాటి అంతర్జాతీయ పరీక్ష తేల్చింది. ఇక పడిపోయిన చేతిని పట్టి పైకి లాగితే భుజం కీలు జారుతుంది. ఇది పట్టుదలతో తెలిసే సంగతి కాదు, ఎవరో నేర్పాలి.

"ఫలితాలు అడిగితే సీరియస్ కేసులను చేర్చుకోరు"

కొంత నిజం ఉన్నది ఈ వాదనలోనే. ముడి మరణాల లెక్క బయటపెడితే బరువైన కేసులు తీసుకునే పెద్దాసుపత్రే చెడ్డదిగా కనిపిస్తుంది. అందుకే వచ్చినప్పటి తీవ్రతను 0 నుంచి 42 దాకా ఉండే ఎన్ఐహెచ్ స్కోరుతో నమోదు చేసి, దాన్నిబట్టి సరిచూడాలి. అమెరికాలో 782 ఆసుపత్రులపై 2012లో వచ్చిన అధ్యయనంలో ఈ స్కోరు కలపగానే, అంతకుముందు చెడ్డవని ముద్రపడ్డ ఆసుపత్రుల్లో సగానికి పైగా మామూలు వరుసలోకి వచ్చేశాయి. కాబట్టి లెక్క సరిగ్గా వేయమని అడగాలి, అసలు వేయొద్దని కాదు. బ్రిటన్‌లో 2013 నుంచి నడుస్తున్న జాతీయ స్ట్రోక్ ఆడిట్ ఆసుపత్రుల పేర్లతోనే A నుంచి E దాకా గ్రేడ్లు ప్రకటిస్తూ వచ్చింది.

అందరూ నూరు శాతం కోలుకోవాలి, లేదంటే డబ్బు వాపసివ్వాలి అనే ఎదురు ఫార్వర్డులూ ఉన్నాయి. చచ్చిపోయిన మెదడు కణాలను ఏ ఆసుపత్రీ తిరిగి తేలేదు. అడగాల్సింది వేరు. డిశ్చార్జ్ కాగితంలో ఇవి రాయించుకోండి: రోగి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం, ఆసుపత్రికి చేరిన సమయం, సీటీ తీసిన సమయం, వచ్చినప్పటి ఎన్ఐహెచ్ స్కోరు, ఇంజెక్షన్ ఇచ్చిన సమయం లేదా ఇవ్వకపోవడానికి కారణం, మింగే పరీక్ష ఎప్పుడు చేశారు, ఇంటికి వెళ్లేటప్పటి రాంకిన్ అంకె. కింద 90వ రోజు తేదీ వేసి, ఆ రోజు ఆసుపత్రి నుంచి ఎవరు ఫోన్ చేస్తారో పేరు కూడా రాయమనండి.