నిపుణుల సలహా కావలెను, కానీ మేమన్నదే అనాలి

మా అపార్ట్‌మెంట్‌లో ఓ పెద్ద సైంటిస్ట్ ఉన్నారు. రిటైరయ్యాక వాట్సాప్‌లో ఆ హోదా వచ్చింది లెండి. ఆయన థియరీ ఏంటంటే, మోటారుతో ఆల్టర్నేటర్ తిప్పాలి, అందులోంచి వచ్చే కరెంటు మళ్లీ ఆ మోటారుకే ఇవ్వాలి, మిగిలింది ఇంటికి వాడుకోవాలి, ఇక కరెంటోళ్లకి దణ్ణం పెట్టేయొచ్చు.

పై ఫ్లోర్లో ఫిజిక్స్ లెక్చరరమ్మ ఉంటారు. "నువ్వు ఎక్స్‌పర్ట్‌వి కదమ్మా, ఒక్క మాట చెప్పు" అని లిఫ్ట్‌లో పట్టుకున్నారు. పాపం ఆవిడ, రాపిడికీ వేడికీ కొంత పోతుంది అంకుల్, పెట్టినదానికన్నా ఎక్కువ ఎప్పటికీ రాదు అన్నారు. "అదేనమ్మా, చదువుకున్నోళ్లకి ఓపెన్ మైండ్ ఉండదు" అని తీర్పిచ్చేశారు ఈయన. ఇలాంటి యంత్రాల అర్జీలు ఇక చూసేది లేదని 1775లోనే ఫ్రాన్స్ సైన్స్ అకాడమీ తలుపేసుకుంది. వాళ్లకైతే తలుపుంది, మా లెక్చరరమ్మకి ఐదో అంతస్తుదాకా అదే లిఫ్టు.

ఇంతలో సైంటిస్ట్ గారి హాల్లో ఫ్యాన్ మొరాయించింది. ఎలక్ట్రీషియన్ కుర్రాడొచ్చి రెక్కని చేత్తో తోశాడు, తిరిగింది. "ఫ్యాన్ని స్టార్ట్ చేసే కెపాసిటర్ పోయింది సార్, 2.5 మైక్రోఫారడ్ది వేస్తే సరిపోద్ది." అంతే, ఎంక్వైరీ కమిషన్ మొదలు. కెపాసిటరేనని గ్యారంటీ ఏంటి? ఓల్టేజ్ కాదా? మాగ్నెట్ వీకైందేమో? ఈ ఫ్యాన్‌లో మాగ్నెట్టే ఉండదు సార్ అంటే, "మాకు తెలీదనుకున్నావా తమ్ముడూ!"

ఇదంతా జరుగుతున్నంతసేపూ పక్కన ప్లగ్గులో పచ్చలైటు వెలుగుతున్న 'పవర్ సేవర్' డబ్బా ఒకటుంది. బిల్లు సగమవుద్దంటే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా 1,499 పోసి కొన్నారు. విప్పి చూస్తే లోపల ఏముంటదంటారు? కెపాసిటరే! ఇంటి మీటరు తిరిగేది మనం వాడిన యూనిట్లకి, ఈ డబ్బా వల్ల పైసా తగ్గదు. కష్టపడి ఫ్యాన్ తిప్పే కెపాసిటర్‌కి సాక్ష్యం కావాలి, పని చెయ్యకుండా పచ్చగా కూర్చున్నదానికి అక్కర్లేదు.

మెయిన్ ఆఫ్ చేస్తానన్నాడా కుర్రాడు. వద్దన్నారు, మ్యాచ్ వస్తోందట. ఇక్కడ నాకు నవ్వు రాలేదు. ఊగే స్టూల్ మీద, నెత్తిన లైవ్ వైరు పెట్టుకుని, ఎవడి ప్రాణంతో ఆడుకుంటున్నావయ్యా నువ్వు? నీ చివరి రెండు ఓవర్ల కోసం వాడు పోవాలా? వాడు నేర్చుకున్న పనిలో మొదటి పాఠం స్విచ్ ఆపడం, అది కూడా నీ పర్మిషన్‌తోనా! వాడికి నాకన్నా బుద్ధుంది కాబట్టి ఒక్క మాట అనకుండా వెళ్లి ఆపేసొచ్చాడు.

పనయ్యాక 250 అడిగితే "రెండు స్క్రూలు తిప్పడానికా?" అని బేరమాడి 180 చేతిలో పెట్టి, అప్పుడు మెల్లగా తన మోటారు-ఆల్టర్నేటర్ బొమ్మ తీశారు సైంటిస్ట్ గారు. "ఆదివారం వచ్చి ఇది బిగించి పెట్టు తమ్ముడూ, ఫ్రీ ఎనర్జీ, నీకూ పేరొస్తుంది."

కుర్రాడు బొమ్మంతా శ్రద్ధగా చూసి అడ్వాన్స్ ఎంతిస్తారు సార్ అన్నాడు. ఆయనకి అర్జెంటుగా ఫోనొచ్చింది, బాల్కనీలోకెళ్లిపోయారు.