నిచ్చెన మీద అరవై ఏళ్లు

బ్రిటన్‌లో ఫైర్‌ఫైటర్ల పింఛను గొడవ డబ్బు దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది గానీ, దాని మూలం ట్రెడ్‌మిల్ దగ్గరుంది. అక్కడి ఫిట్‌నెస్ ప్రమాణం ప్రకారం ఫైర్‌ఫైటర్ కిలో శరీర బరువుకు నిమిషానికి 42 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలగాలి. దానికి వాడే పరీక్షల్లో ఒకటి 12 నిమిషాల నడక. వేగం గంటకు 6.2 కిలోమీటర్లు; రెండేసి నిమిషాలకు వాలు 3 శాతం పెరుగుతూ ఆఖరికి 15కి చేరుతుంది. పరుగు లేదు, నడకే. ఆ చివరి రెండు నిమిషాల్లోనే వయసు బయటపడుతుంది.

1992 పథకంలో 30 ఏళ్ల సర్వీసుతో యాభైకే దిగిపోవచ్చు, జీతంలో మూడింట రెండొంతుల పింఛనుతో. 2015 పథకం ఆ వయసును 60 చేసింది. ఏటా ఆ ఏడాది జీతంలో 59.7వ వంతు పింఛనుకు కలుస్తుంది. 36,000 పౌండ్ల జీతముంటే, ఆ ఒక్క ఏడాది సర్వీసుకు ముందుముందు వచ్చే పింఛను ఏటా 603 పౌండ్లు. అందుకు 2018-19 రేట్ల ప్రకారం జీతంలో కోత 4,644 పౌండ్లు. పెద్దవాళ్లను పాతదాంట్లో ఉంచి చిన్నవాళ్లను కొత్తదాంట్లోకి తోయడం వయోవివక్షేనని 2018 డిసెంబరులో అప్పీల్ కోర్టు తేల్చింది. పాత సంవత్సరాల లెక్క సరిదిద్దారు; 60 మాత్రం కదల్లేదు.

మరి 55 దాటాక, తన తప్పు లేకుండా నడకలో తప్పినవాళ్ల గతి? వేరే పనో, కోత లేని పింఛనో దక్కుతుందని 2014 డిసెంబరులో మంత్రి పార్లమెంటులో చెప్పారు. ఇంగ్లండ్ మార్గదర్శకాల్లోకి వచ్చేసరికి అది కనీసం ఆరు నెలల తోడ్పాటు, ఆపైన అధికారుల ‘పరిశీలన’ అయింది. పరిశీలిస్తాం అన్న మాట విలువ ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కినవాళ్లకు వేరే చెప్పాలా!

మన దగ్గర ఆ మాత్రం గొడవా జరగలేదు. పదవీ విరమణ వయసును తెలంగాణ 2021లో 58 నుంచి 61 చేసింది, ఆంధ్రప్రదేశ్ 2022లో 60 నుంచి 62 చేసింది. ఫైలు రాసే గుమాస్తాకూ, నీళ్లు నిండిన హోస్ పట్టుకుని మెట్లెక్కే ఫైర్‌మన్‌కూ ఒకటే గీత.

55 దాటినవాళ్లకు ఏటా పరీక్ష పెట్టండి. తప్పినవాళ్లను భవనాల ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తనిఖీలకో, కంట్రోల్ రూముకో, శిక్షణకో మార్చండి. జీతం మాత్రం ఒక్క రూపాయి తగ్గించొద్దు. తగ్గుతుందని తెలిస్తే మోకాలి నొప్పి ఎవరూ బయటపెట్టరు, మాత్ర మింగి బండెక్కుతారు.